నర్సుల ఇంటి ఫర్నేసుకు డైరెక్ట్ ఇచ్చిన రోజు

మా పనిలో 'డైరెక్ట్' అనే మాట ఒకటుంది. ఏసీ మెకానిక్కులైన తమ్ముళ్లకు దాని సంగతి చెప్పనక్కర్లేదు. మిగతావాళ్ల కోసం చెబుతాను. ఏదైనా మిషను నడుస్తూ నడుస్తూ తనంతట తానే ఆగిపోతుంటే, దాన్ని ఆపుతున్న స్విచ్చిని తప్పించి, ఆ రెండు వైర్లనూ జానెడు తీగముక్కతో కలిపేస్తాం. మిషను నడుస్తుంది. ఇంటివాళ్లు సంతోషిస్తారు. మనం టూల్‌బ్యాగు సర్దుకుని బయటపడతాం. దాన్నే డైరెక్ట్ ఇవ్వడం అంటాం. నా సర్వీసులో నేనిచ్చిన డైరెక్టులకు లెక్కలేదు. వాటిలో ఒకటి ముగ్గురు ఆడపిల్లల ప్రాణాల మీదికి తెచ్చింది.

నాది కరీంనగర్ జిల్లా. కువైట్ లొల్లి మొదలయ్యేనాటికి నేను రియాద్‌లో ఉండబట్టి నాలుగేళ్లయింది. ఊరి శివారున సులైలో గోదాముల మధ్య మా క్యాంపు. ఒక ఆసుపత్రి స్టాఫ్ ఉండే కాంపౌండుకు మెయింటెనెన్సు చేయడం మా కంపెనీ కాంట్రాక్టు. గోడ కట్టిన కాలనీ అది, లోపల యాభై అరవై ఇళ్లు. రోజూ పొద్దున ఆరింటికి బస్సులో పోయి, అక్కడి ఏసీలు, గీజర్లు, నల్లాలు చూసి సాయంత్రానికి రావడం మా పని.

సౌదీ అనగానే ఎండ అనుకుంటారు గానీ, జనవరిలో రియాద్ చలి ఎముకలు కొరుకుతుంది. ఆ ఇళ్లు కట్టినవాళ్లు అమెరికా పద్ధతిలో కట్టారు. ప్రతి ఇంటి వెనక బయటివైపు తలుపున్న ఒక చిన్న అర, అందులో నిలువెత్తు గ్యాస్ ఫర్నేసు. బ్లోయర్ ఇంట్లోని చల్లగాలిని గోడకున్న జాలీలోంచి లాగుతుంది, ఫర్నేసు దాన్ని వేడి చేస్తుంది, వేడిగాలి గదులన్నిటికీ పోతుంది. లోపల మండే మంటకు మాత్రం వేరే గాలి కావాలి. అది ఆ అర తలుపుకున్న రెక్కల సందుల్లోంచి బయటినుంచి వస్తుంది. ఇది గుర్తుపెట్టుకుంటే చాలు, మిగతా మిషను గురించి మీకు అవసరం లేదు.

యుద్ధం మొదలైన వారంలోనే మాకు భయం అంటే ఏమిటో తెలిసింది. సైరన్ మోగితే క్యాంపులో నలభై మందిమి మంచాల కింద దూరేవాళ్లం. రేకు కప్పు, కింద ప్లైవుడ్ మంచం, దాని కింద మేము. మిసైలు పడితే ఆ మంచం ఏం ఆపుతుందో ఎవరం ఆలోచించలేదు. పైన ఎక్కడో పెద్ద చప్పుడయ్యేది, రేకులు దడదడలాడేవి. తర్వాత కాసేపటికి ఎవరో ఒకరు నవ్వేవారు. నవ్వినవాణ్ణి అందరం కలిసి తిట్టేవాళ్లం.

మిసైలు కన్నా ఎక్కువ భయపెట్టింది విషవాయువు. మిసైల్లో గ్యాసు పెట్టి కొడతారట, వాసన రాదట, ముందు తల తిరుగుతుందట, వాంతి అవుతుందట, ఆ తర్వాత ఇక లేవరట. ఈ 'అట'లన్నీ రేడియోలోంచి సగం, ఒకరి నోట్లోంచి ఒకరికి సగం వచ్చాయి. కాంపౌండులో ఉండే వాళ్లందరికీ యుద్ధానికి ముందే మనిషికొక మాస్కు పంచారు, డబ్బాతో సహా. మాకు 'వస్తున్నాయి' అన్నారు. మా స్టోర్‌కీపర్ కేరళ మనిషి, నెమ్మదస్తుడు. మాస్కులు వచ్చాయా అని అడిగితే, అప్పటిదాకా ఊపిరి తక్కువ పీల్చుకోండి అన్నాడు. అతనికీ మాస్కు లేదు కాబట్టి ఎవరం ఏమీ అనలేకపోయాం.

ఇళ్లకు గాలి చొరబడే రంధ్రాలన్నీ మూసేయమని పైనుంచి ఆర్డరొచ్చింది. ప్లాస్టిక్ షీటు చుట్టలు, టేపు కట్టలు లారీలో వచ్చాయి. నేనూ మా ఉస్తాదూ ఒక జట్టు. ఉస్తాద్ పాకిస్తానీ, యాభై దాటిన మనిషి, రియాద్‌లో తారు రోడ్లు లేనప్పుడు వచ్చానని చెప్పుకునేవాడు. పని నాకు నేర్పింది ఆయనే, డైరెక్ట్ ఇవ్వడంతో సహా. ఇద్దరం రెండు రోజుల్లో కాంపౌండంతా చుట్టేశాం. నర్సులుండే ఇళ్ల లోపలికి మగవాళ్లం పోకూడదు. అక్కడ కిటికీలకు లోపలివైపు వాళ్లే అంటించుకున్నారు. బయటివైపు కనిపించే సందులన్నీ మా వంతు. ఎక్కడ రంధ్రం కనిపిస్తే అక్కడ ప్లాస్టిక్ పెట్టి టేపు లాగడమే. ఫర్నేసు అర తలుపు రెక్కల మీద కూడా అంటించాం. తలుపు తెరవడానికి అడ్డం రాకుండా రెక్కల కొలతకే ప్లాస్టిక్ కత్తిరించి అతికించింది నేనే. పని నీటుగా వచ్చిందని ఉస్తాద్ మెచ్చుకున్నాడు కూడా.

ఎనిమిది తొమ్మిది రోజుల తర్వాత ఒక నర్సుల ఇంటినుంచి కంప్లైంటు వచ్చింది. ఫర్నేసు కాసేపు నడిచి ఆగిపోతోంది, ఇల్లు మంచుగడ్డలా ఉంది అని. ఉస్తాద్ వేరే పనిలో ఉంటే నేనొక్కణ్ణే పోయాను. ముందు తలుపు కొట్టి, మర్యాదగా నాలుగడుగులు వెనక్కి నిలబడ్డాను. తలుపు బెత్తెడు తెరుచుకుంది. లోపలినుంచి ఒకావిడ హిందీలో మొదలుపెట్టి, నా మొహం చూసి ఆగింది.

"తెలుగువాళ్లేనా?"

"అవునమ్మా. కరీంనగర్."

"మాది ఏలూరు దగ్గరండి. అన్నయ్యా, కాస్త చూసిపెట్టండి. ముగ్గురం నైట్ డ్యూటీ చేసి వచ్చాం. సాయంత్రం ఆరింటికి మళ్లీ బస్సు. ఈ చలికి పడుకున్నా నిద్ర పట్టట్లేదు."

"గంటల చేస్తా తల్లీ. మీరు పండుకోండ్రి."

అంతే మాట్లాడుకున్నాం. వెనక్కి పోయి అర తలుపు తెరిచాను. నేను అతికించిన ప్లాస్టిక్ తలుపుతోపాటే పక్కకు తిరిగి గోడకు ఆనుకుంది. నా కళ్ల ముందు ఫర్నేసు ఉంది, వీపు వెనక ప్లాస్టిక్ ఉంది. దానివైపు నేను చూడలేదు.

మిషను వేశాను. మంట నీలంగా, బ్రహ్మాండంగా వచ్చింది. ఐదారు నిమిషాలకు పైన రేకు బాగా కాగిపోయి, లిమిట్ స్విచ్ పడిపోయి మంట ఆరింది. లిమిట్ స్విచ్ అంటే మిషను మరీ వేడెక్కితే గ్యాసు ఆపేసే కాపలాదారు. చల్లబడ్డాక మళ్లీ మంట, మళ్లీ ఆరడం. వేడెక్కిందంటే గాలి సరిగా ఆడటం లేదని అర్థం. అంతవరకు నాకు తెలుసు. ఫిల్టర్ తీసి చూశాను, శుభ్రంగా ఉంది. బ్లోయర్ బాగానే తిరుగుతోంది. ఆ తర్వాత చూడాల్సింది ఇంట్లో గోడకున్న జాలీ. అది లోపలుంది, నేను బయటున్నాను. తలుపు కొట్టి, జాలీకి అడ్డం ఏమన్నా పెట్టారా అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. నిద్రపోతున్న ఆడవాళ్లను లేపడం ఎందుకు అనుకున్నాను. నిజం చెప్పాలంటే అదొక్కటే కారణం కాదు. ముందురోజు పట్టపగలే ఒకసారి సైరన్ మోగింది. ఆ ఆరుబయట, గోడవారన, మాస్కు లేకుండా ఒంటరిగా కూర్చుని ఉండడం నాకు వణుకు పుట్టిస్తోంది. పని తొందరగా ముగించి నలుగురిలోకి పోవాలని ఉంది. మనుషులకే దిక్కులేని రోజులు, స్విచ్ పాడైపోయి ఉంటుందిలే అనుకున్నాను. స్టోర్‌లో కొత్తది లేదు. విమానాలు, ఓడలు ఆగిపోయి సామాను రావడం లేదు.

టూల్‌బ్యాగులోంచి జానెడు ఎర్రతీగ తీశాను. రెండు కొసలు గీకి, స్విచ్ రెండు కాళ్లకూ చుట్టాను. మిషను ఆగకుండా నడిచింది. పావుగంట చూశాను, మంట నీలంగానే ఉంది. తలుపు తెరిచి ఉంది కదా, మంటకు కావాల్సినంత గాలి ఉంది. నేను అర తలుపు మూసి, గొళ్లెం పెట్టి, ముందుకొచ్చి చెప్పాను. ఏలూరు సిస్టర్ లోపలినుంచే, వెచ్చగా వస్తోంది అన్నయ్యా, దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి అంది. ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది.

యుద్ధం రోజుల్లో చీకటి పడకముందే మమ్మల్ని క్యాంపుకు చేర్చేవారు. మూడున్నరకల్లా సులైలో ఉన్నాను. మా గది కిటికీకి కూడా మేమే ప్లాస్టిక్ అంటించుకున్నాం, కాంపౌండులో మిగిలిన ముక్కలతో. తలుపు కింద తడిగుడ్డ. లోపల ఎనిమిది మందిమి. నాలుగున్నర దాటాక గది మూలన చిన్న గ్యాసుపొయ్యి మీద మా గదిలోనే ఉండే ప్లంబరు, జగిత్యాల అతను, చాయ్ పెట్టాడు. ఉస్తాద్ నా మంచం మీద కూర్చుని బీడీ వెలిగించబోయి, పొయ్యి వైపు చూసి ఆగిపోయాడు. మంట పసుపుపచ్చగా మారింది. గిన్నె అడుగు నల్లగా మసిబారుతోంది. నా కళ్లు మండుతున్నాయి.

"ఖిడ్కీ ఖోలో," అన్నాడు ఉస్తాద్.

"గ్యాస్ వస్తది ఉస్తాద్. ప్లాస్టిక్ తీయొద్దన్నరు," అన్నాడు జగిత్యాల అతను.

"బాహర్ కీ గ్యాస్ బాద్ మే మారేగీ. అందర్ కీ పెహ్లే మార్ దేగీ," అని ఉస్తాదే లేచి ప్లాస్టిక్ పర్రున చించేశాడు. బయటి గ్యాసు సంగతి తర్వాత, లోపలిది ముందు చంపుతుంది అని. చల్లగాలి రాగానే పొయ్యి మంట మళ్లీ నీలంగా మారింది.

అందరూ చాయ్ కోసం గ్లాసులు పట్టుకున్నారు. నా చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. అర తలుపు రెక్కలు, వాటిమీద నా చేత్తో నీటుగా కత్తిరించి అతికించిన ప్లాస్టిక్, కళ్ల ముందుకు వచ్చాయి. ఆ తలుపును నేనే మూసి వచ్చాను. మంటకు గాలి పోయే దారి లేదు. గాలి చాలని మంట విషం కక్కుతుంది, అది ఇంట్లోకే పోతుంది. ఆగాల్సిన చోట ఆపే స్విచ్ కూడా లేదు, దానికి నా తీగ ఉంది. ఇన్ని రోజులు ఆ ఫర్నేసు ఐదారు నిమిషాలకొకసారి ఆరిపోబట్టే ఆ పిల్లలు బతికారు. వాళ్లను బతికించిన స్విచ్చినే పాడైందని నేను తీసేసి వచ్చాను.

ఉస్తాద్ చెవిలో చెప్పాను.

"డైరెక్ట్ కియా?" అన్నాడు.

"హా ఉస్తాద్."

"ఔర్ దర్వాజే పే ప్లాస్టిక్?"

"హమ్‌నే హీ లగాయా థా. మనమే పెట్టినం. ఆప్ హీ మెచ్చుకున్నరు గద," అని సగం హిందీలో సగం తెలుగులో అన్నాను. ఆయనకు ఏం అర్థమైందో తెలియదు గానీ మొహం తెల్లబడిపోయింది. తాగని బీడీ జేబులో పెట్టుకుని పికప్ తాళాలు తీశాడు.

క్యాంపు ఆఫీసునుంచి కాంపౌండు గేటుకు ఫోన్ చేశాం. మోగుతోంది, ఎత్తేవాళ్లు లేరు. ఆసుపత్రికి చేస్తే లైను కలవలేదు. ఐదు దాటింది. బండెక్కాం.

సగం దారిలో సైరన్ మోగింది. రోడ్డు మీద కార్లు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. మనుషులు దిగి పరిగెత్తుతున్నారు. ఒక కారులో మాస్కు పెట్టుకున్న చిన్నపిల్ల అద్దంలోంచి మమ్మల్నే చూస్తోంది. ఉస్తాద్ బండి పక్కకు ఆపి, స్టీరింగు మీద తల పెట్టి దువా చదవసాగాడు. నాకు మిసైలంటే భయం ఉంది. ఆ ఇంటికి పోయాక ఏం చూడాల్సి వస్తుందో అనే భయం అంతకన్నా ఎక్కువుంది. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ నిమిషంలో మిసైలేదో మా బండి మీదే పడి అంతా అయిపోతే బాగుండనిపించింది. అప్పుడు నన్నెవరూ ఏమీ అడగరు కదా.

"ఉస్తాద్, చలో," అన్నాను. ఆయన తల ఎత్తకుండానే గేరు వేశాడు.

కాంపౌండు గేటు దగ్గర సూడాన్ కాపలాదారు మాస్కు పెట్టుకుని తన గదిలో ముడుచుకుని ఉన్నాడు. అద్దంలోంచి రెండు చేతులూ అడ్డంగా ఊపాడు. ఉస్తాద్ దిగిపోయి అడ్డకర్రను తానే ఎత్తేశాడు. ఇరవై ఏళ్లుగా ఆ దేశంలో ఒక్క రూలు తప్పని మనిషి.

మొదట ఇంటి వెనకకు పరిగెత్తాను. అర తలుపు తెరవగానే వేడి మొహాన కొట్టింది. మంట నీలం పోయి పచ్చగా, పొడుగ్గా, నాలుకలు చాపుతూ బయటికొస్తోంది. చుట్టూ రేకులు మసిబారాయి. గ్యాసు వాల్వు తిప్పేశాను. తలుపు మీది ప్లాస్టిక్ గోళ్లతో చించేశాను. అప్పుడు ముందుకొచ్చి తలుపు బాదాను. మళ్లీ బాదాను. పక్క గది కిటికీ ప్లాస్టిక్ వెనక నీడ కదిలింది.

"ఎవరది?" గొంతు నీళ్లలోంచి వచ్చినట్టుంది. మాస్కులోంచి మాట్లాడుతోంది.

"నేనమ్మా, పొద్దుగాల అచ్చిన మెకానిక్‌ను. తలుపు తియ్యుండ్రి, బయటికి రాండ్రి."

"తీయకూడదు అన్నయ్యా. గ్యాస్ వచ్చేసింది. సైరన్‌కు ముందే వచ్చేసింది. ముగ్గురికీ తలనొప్పి. మాలో చిన్నది రెండుసార్లు వాంతి చేసుకుని పడిపోయింది. తలుపు సందుల్లో కూడా తడి తువ్వాళ్లు కుక్కాం. మీరు వెళ్లిపోండి, మీరైనా దాక్కోండి."

తల తిరిగితే, వాంతి వస్తే విషవాయువు అని వాళ్లకు చెప్పి ఉన్నారు. చెప్పినట్టే అయింది. అందుకని వాళ్లు ఇంకా గట్టిగా మూసుకున్నారు. మాస్కులు పెట్టుకుని, నా ఫర్నేసు విషాన్నే పీలుస్తూ కూర్చున్నారు. ఆ గ్యాసును ఆ మాస్కు ఆపదు.

"అది మిసైల్ గ్యాస్ కాదమ్మా. మీ హీటర్ పొగ. ఇల్లంత అదే నిండింది. జల్ది కిటికీ తియ్యుండ్రి."

"వాసనేం లేదు అన్నయ్యా."

"దానికి వాసనుండదు తల్లీ."

"దీనిక్కూడా ఉండదన్నారు."

నేనేం చెప్పినా ఆమెకు రెండూ ఒకటే. తెరిస్తే చావు అనుకుంటోంది, తెరవకపోతే చావు అని నేనంటున్నాను. పైన దూరంగా ఒక పెద్ద చప్పుడైంది, కిటికీ అద్దం జల్లుమంది. ఉస్తాద్ గోడకు అతుక్కుపోయాడు. లోపల ఎవరో దగ్గుతున్నారు, ఆ దగ్గు కూడా బలహీనంగా ఉంది. నాకు ఏడుపొచ్చింది. నిజంగానే ఏడ్చాను.

"అమ్మా, ఒక్కసారి ప్లాస్టిక్ కొస పక్కకు జరిపి నన్ను చూడండ్రి. నీ కాళ్లు మొక్కుత. అద్దం తియ్యకుండ్రి. ఉత్తగ చూడుండ్రి."

చాలాసేపటికి కొస కదిలింది. అద్దం వెనక మాస్కు, దాని గుండ్రటి కళ్లద్దాల్లో ఆమె కళ్లు. నన్ను పైనుంచి కిందిదాకా చూసింది.

"మీ మాస్కేది?"

"నాకియ్యలే."

"ఇవ్వలేదా?"

"మాకెవ్వలకియ్యలేదమ్మా. క్యాంపు కాన్నుంచి గిట్లనే అచ్చిన. బయట గ్యాసుంటే నేనెట్ల నిలవడి మాట్లాడుత? నన్ను సూడు. ఇగో, ఊపిరి పీలుస్తున్న."

నోరు తెరిచి గట్టిగా ఊపిరి పీల్చి చూపించాను. ఎంత పిచ్చిగా కనిపించి ఉంటానో. కానీ ఆమె నర్సు. బతికున్న మనిషిని చూస్తే ఆమెకు తెలుస్తుంది. ఒక్క నిమిషం నన్నలా చూసింది. తర్వాత టేపు పర్రున చినుగుతున్న చప్పుడు వినిపించింది. మాస్కు లేకపోవడం ఒక మేలు చేసిందంటే అదొక్కటే.

తలుపు తెరిచి ఆమె గడప మీదే కూలబడింది. ఉస్తాద్ గడప ముందు ఒక్క క్షణం తటపటాయించాడు. ఆడవాళ్ల ఇంట్లోకి అడుగుపెట్టడం ఆయనకు మిసైలు కన్నా కష్టం. తర్వాత తన శాలువా తీసి చేత్తో పట్టుకుని లోపలికి దూకాడు. నేను రెండోపిల్లను భుజం పట్టి నడిపించాను. పడిపోయిన చిన్నదాన్ని శాలువాలో చుట్టి, కూతురిని ఎత్తుకున్నట్టు ఎత్తుకొచ్చాడు ఆయన.

అప్పుడే ఆ ఇంటి లోపలిని మొదటిసారి చూశాను. నడవా గోడ పొడుగునా నీళ్లసీసాల అట్టపెట్టెలు, బియ్యం సంచులు, డబ్బాలు పైదాకా పేర్చి ఉన్నాయి. యుద్ధం ఎన్నాళ్లుంటుందోనని కొనిపెట్టుకున్నారు. సంచుల వెనక జాలీ అంచు కొంచెం కనిపిస్తోంది. ఇంట్లోంచి గాలి లాగే జాలీ అది. మిషను వేడెక్కడానికి కారణం అక్కడుంది. మిగతా ఇళ్లలో బ్లోయర్ ఇంటి గాలినే లాగింది, ఇక్కడ అది అందక అరలోని పొగను లాగి గదుల్లోకి ఊదింది. పొద్దున ఒక్క మాట అడిగి ఉంటే రెండు సంచులు పక్కకు జరిపేవారు, పని అయిపోయేది.

సైరన్ ఆగాక ఆరింటి డ్యూటీ బస్సు వచ్చింది. అందులోనే ముగ్గురినీ వాళ్ల ఆసుపత్రికే తీసుకుపోయారు. ఇద్దరు ఆక్సిజన్‌తో రెండు రోజుల్లో తేరుకున్నారు. చిన్నది వారం ఉంది. ఆ గందరగోళంలో నేను వెనక్కి పోయి తీగ విప్పి జేబులో వేసుకున్నాను. ఎందుకంటే నాకు భయమేసింది. కాంపౌండు ఇంజనీరు వచ్చి చూసి, స్విచ్ ఫెయిల్ అయిందని రాసుకున్నాడు. ఉస్తాద్ నన్ను పక్కకు లాగి, "చుప్ రహ్నా. జైల్ హోగీ," అన్నాడు. ఆయన చెప్పింది నిజమే. నేను నోరు మూసుకున్నాను. మిగతా ఇళ్ల అర తలుపుల మీది ప్లాస్టిక్ మాత్రం ఆ రాత్రే ఇద్దరం చించేశాం.

పది రోజుల తర్వాత ఒక ఖాళీ ఇంటి ఫర్నేసునుంచి స్విచ్ తీసుకుని అక్కడ బిగించడానికి పోయాను. తలుపు బెత్తెడు తెరిచి, ఏలూరు సిస్టర్ గడప మీద ఒక డబ్బా పెట్టింది. మాస్కు.

"మాతో ఉండే అమ్మాయి యుద్ధానికి ముందే ఉద్యోగం మానేసి ఎగ్జిట్ మీద ఇంటికెళ్లిపోయింది. ఇది ఆమెది. మీరుంచుకోండి అన్నయ్యా. మీరు రాకపోతే మేం లేం."

"చిన్నమ్మ ఎట్లుంది?"

"లేచింది గానీ చెయ్యి వణుకుతోంది. సూది గుచ్చలేకపోతోంది. డాక్టర్లు చూద్దాం అంటున్నారు."

అక్కడ నిలబడలేకపోయాను. పది రోజులుగా జేబులోనే తిరుగుతున్న తీగ తీసి డబ్బా మీద పెట్టాను. అంతా చెప్పాను. స్విచ్, ప్లాస్టిక్, వాళ్లను లేపకపోవడం, తొందరగా పారిపోవాలనుకోవడం. మొహం నాకు కనిపించలేదు, తలుపు అంచు పట్టుకున్న వేళ్లే కనిపించాయి.

"మీకు తెలిసే పెట్టారా?"

"తెల్వదమ్మా. సైరన్ మోగుతదని భయమైంది."

చెయ్యి బయటికొచ్చింది. తీగ తీసుకుంది. డబ్బా ముట్టుకోలేదు.

"మాస్కు మీరు తీసుకెళ్లండి," అని తలుపు వేసింది.

ఆ తర్వాతి రోజులు ఎట్లా గడిచాయో నాకే తెలుసు. ఆ తీగ ఎవరికిచ్చి ఉంటుందా అని ప్రతి పొద్దునా అనుకునేవాణ్ణి. ఆఫీసులో ఎవరు నా వైపు చూసినా పోలీసులు వచ్చారనే అనుకున్నాను. సైరన్ మోగితే మాస్కు పెట్టుకునేవాణ్ణి కాదు, గదిలో ఎవరు ఎక్కువ వణికితే వాళ్లకిచ్చేవాణ్ణి. దాన్ని మొహానికి పెట్టుకోవడం నావల్ల కాలేదు. యుద్ధం అయిపోయింది. పోలీసులు రాలేదు. చెయ్యి వణుకు తగ్గని ఆ చిన్నమ్మను ఇంటికి పంపేశారని వేసవిలో విన్నాను. మరికొన్నాళ్లకు ఏలూరు సిస్టర్ కూడా వెళ్లిపోయింది. వెళ్లేముందు నాతో మాట్లాడలేదు. మాట్లాడాలని నేను ఆశపడలేదు.

మరుసటి చలికాలం ఫర్నేసులన్నిటికీ సర్వీసు చేసే వంతు వచ్చింది. ఆ ఇంటిని చివరికి మిగుల్చుకుంటూ పోయాను. ఇక తప్పదని ఒక పొద్దున వెనకవైపు అర తలుపు తెరిచాను. తలుపు లోపలివైపు, సరిగ్గా మెకానిక్కు కళ్ల ఎత్తున, ఆసుపత్రి ప్లాస్టరుతో ఆ ఎర్రతీగ అంటించి ఉంది. ముందటేడు నేను గీకిన రెండు కొసలూ అలాగే ఉన్నాయి. దాని కింద ఒక కాగితం. కేసుషీటు మీద రాసినంత పొందికగా నీలం ఇంకుతో రాసుంది.

"అన్నయ్యా, ఇది పెట్టే ముందు లోపలున్నవాళ్లను ఒక్క మాట అడగండి."

తెలుగులో రాసింది. మా మెకానిక్కుల్లో ఇద్దరు పాకిస్తానీలు, ఇద్దరు బంగ్లావాళ్లు, ఒక ఫిలిప్పీన్ మనిషి. ఆ కాంపౌండులో తెలుగు చదవగలిగిన మెకానిక్కును నేనొక్కణ్ణే.

అక్కడే కింద కూర్చుండిపోయాను. తర్వాత లేచి, మొహం తుడుచుకుని, ఇంటి ముందుకు నడిచాను. ఇప్పుడు ఆ ఇంట్లో ఉన్నవాళ్లెవరో నాకు తెలియదు. తలుపు కొట్టి నాలుగడుగులు వెనక్కి నిలబడ్డాను.

"సిస్టర్, నడవా గోడకు జాలీ ఉంటది. దానికడ్డం ఏమన్న పెట్టిన్రా?" అని హిందీలోనూ అడిగాను, తెలుగులోనూ అడిగాను.

లోపల ఎవరో నడిచి వెళ్లి చూసి వచ్చారు. ఏమీ లేదని చెప్పారు. అప్పుడు పోయి మిషను వేశాను.